పాజిట్రాను జనన మరణములు



ఈ ప్రసంగమునకు నేనెన్నుకొన్న వస్తువు కంటికి గానరానిది, చేతికి చిక్కనిది, పుట్టిన క్షణమునుండియు చావునకు సిద్ధముగ నుండునది. దాని పేరు పాజిట్రాను. అది యొక వాయువులో ప్రవేశించినప్పుడు ఆ వాయుకణముల నెట్లు తాకును, తాకి యెట్లు చెదరును, ఎంతకాలము బ్రతుకును, తుద కెట్లు నశించును అను ప్రశ్నలకు ప్రయోగశాలలలో లెక్క కట్టిన విధమును మీకు చెప్పదలచితిని. సృష్టి రహస్యములను గూర్చిన పెద్ద మాటలు నే నాడను. కొలతలు మాత్రమే చెప్పుదును. అవియే కావలసినంత ఆశ్చర్యకరములు.

ప్రతి పదార్థమునందును పరమాణువు లున్నవనియు, ప్రతి పరమాణువు నడుమ బరువైన బీజమొకటియు, దాని చుట్టును ఎలక్ట్రానులను తేలికయైన కణములును ఉన్నవనియు మీలో పలువు రెరిగినదే. బీజము ధనవిద్యుత్తు కలది. ఎలక్ట్రాను ఋణవిద్యుత్తు కలది. పాజిట్రాను ఎలక్ట్రానునకు కవల వంటిది. బరువు సమానము; విద్యుత్తు పరిమాణమును సమానమే; కాని అది ఋణము, ఇది ధనము. ఇట్టి దొకటి యుండవలెనని 1931 లో ఇంగ్లండు దేశమున డిరాక్ పండితుడు తన సమీకరణమునుండి ఊహించెను. 1932 ఆగస్టులో అమెరికాయందు, కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణమున, కార్ల్ ఆండర్సన్ అను యువకుడు ఆకాశమునుండి వచ్చు కిరణముల జాడలను మేఘపేటికలో ఫొటోలు తీయుచు, అయస్కాంతముచేత ఎలక్ట్రానునకు వ్యతిరేకముగ వంగిన జాడ నొకదానిని కనుగొనెను. అతడు డిరాక్ ఊహను వెదకుచు బయలుదేరినవాడు కాడు. తన పని తాను చేసికొనుచుండగా అది యెదురుపడినది. 1936 లో అతనికి నోబెల్ బహుమానము వచ్చెను.

పాజిట్రానును ఎలక్ట్రానును కలిసినచో రెండును మాయమగును. చిట్టాలో నూరు రూపాయల అప్పునకు నూరు రూపాయల జమ పడినచో ఖాతా కొట్టివేయబడును గదా, అట్లు. అయితే ఇచ్చట పోలిక కొంతవరకే పనికివచ్చును. విద్యుత్తు మాత్రము అప్పు జమల వలె సరిపోవును గాని, ఆ రెండింటి బరువు ఊరక పోదు. అది వెలుగుగా మారును. సామాన్యముగ రెండు గామాకిరణములు పుట్టి, ఒకదానికొకటి సరిగా ఎదురు దిశలలో వెడలిపోవును. ఒక్కొక్క కిరణమునకు 5 లక్షల 11 వేల ఎలక్ట్రాను వోల్టుల శక్తి యుండును. ఆ అంకె యెచ్చట కనబడినను అచ్చట నొక పాజిట్రాను చచ్చినదని యర్థము. ఈ చావునకు లయమని పేరు పెట్టుకొందము.

ఇక కొలత. పాజిట్రానులు కావలెనన్న ఎచ్చట దొరకును? అరటిపండులోనే కలవు. అందలి పొటాసియములో స్వల్పభాగము తనంతట తాను విచ్చిపోవు జాతికి చెందినది. దానివలన ఒకటి రెండు గంటలకొకమారు అరటిపండులో నొక పాజిట్రాను పుట్టి, వెంటనే చచ్చును. తినువారికి దానివలన ఏమియు కాదు. ప్రయోగమునకు ఈ మాత్రము చాలదు. కావున శాస్త్రజ్ఞులు 22 అను బరువు గల సోడియమును యంత్రములతో తయారు చేసికొందురు. మన ఉప్పులోని సోడియము బరువు 23. ఒక్కటి తక్కువైనందున ఇది నిలుకడ లేనిది. 2 సంవత్సరముల 7 నెలలలో సగము విచ్చిపోవును. విచ్చునప్పుడు ప్రాయికముగ నొక పాజిట్రానును వెలువరించి, తత్క్షణమే 12 లక్షల 75 వేల ఎలక్ట్రాను వోల్టుల గామాకిరణము నొకదానిని గూడ వెలువరించును.

ఈ రెండవ కిరణమే ప్రయోగమునకు ప్రాణము. పూర్వము మన గ్రామములలో మునసబు వద్ద జనన మరణముల పుస్తక ముండెడిది. 1984 లో ఆ పదవులు రద్దయినవి గాని, ఆ పుస్తకమును మీలో పలువురు చూచియే యుందురు. పుట్టిన తేదీ యొక కాలమున, గిట్టిన తేదీ యొక కాలమున నుండెడిది. రెంటి నడుమ తీసివేత చేసిన ఆయుర్దాయము తేలును. ఇచ్చటను సరిగా నదే పద్ధతి. 12 లక్షల 75 వేల కిరణము తగిలినచో గడియారము నడువ నారంభించును. అది జనన వార్త. 5 లక్షల 11 వేల కిరణము తగిలినచో గడియారము నిలుచును. అది మరణ వార్త. ఈ గడియారము సెకనులో నూరుకోట్లవ వంతును, అనగా నానోసెకనును, అంతకంటె చిన్న కాలమును గూడ గుర్తింపగలదు. ఇట్లు లక్షల కొలది జననములను మరణములను వ్రాసికొని పటము గీయుదురు.

ఇందొక చిక్కున్నది. మునసబు పుస్తకములో మనుష్యుల పేర్లుండును. పాజిట్రానులకు పేర్లు లేవు. మొదటిది చావకముందే రెండవది పుట్టినచో, వచ్చిన మరణ వార్త ఎవరిదో తెలియదు. కావున సోడియము మిక్కిలి స్వల్పముగ నుండవలెను. స్వల్పముగ నున్నచో లెక్క చేరుటకు రోజులు, వారములు పట్టును. త్వరపడినవాని పటములో ఒకరి పుట్టుక మరియొకరి చావుతో ముడిపడి, అడుగున పనికిరాని చెత్తలెక్క పేరుకొనును. వాయువునందు మరియొక వాయువు అణుమాత్రము కలిసినను ఫలితము చెడును. ఈ శాస్త్రమున పేరు పొందినవారందరును, నా యభిప్రాయమున, తెలివితేటలకంటె ఓర్పుచేతనే పేరు పొందిరి.

ఇట్లు కొలువగా తేలిన దేమి? సున్న డిగ్రీల వేడిమిలో, సామాన్యమైన గాలి ఒత్తిడిలో, నత్రజని వాయువునందు నెమ్మదించిన పాజిట్రాను సగటు ఆయువు సుమారు 160 నానోసెకనులు. ఆర్గాను వాయువునందు 185. హీలియమునందు సుమారు 1,250. వాయువును నొక్కి రెట్టింపు దట్టము చేసినచో ఆయువు సగమగును. ఇది సులభముగ నూహింపదగినదే. సంతలో జనము రెట్టింపైనచో ఎదురుపడువారును రెట్టింపగుదురు.

కాని ఆ కొలది కాలములో పాజిట్రాను ఏమేమి చేయునో వినుడు. సోడియమునుండి వెలువడునప్పుడు దానికి లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తి యుండవచ్చును. వాయుపరమాణువులనుండి ఎలక్ట్రానులను పడగొట్టుచు, అది తన శక్తి ననతికాలములోనే వ్యయము చేయును. శక్తి పది వోల్టుల ప్రాంతమునకు దిగిన తరువాత పడగొట్టుటకు బలము చాలదు. అటుపిమ్మట తగిలిన చోటనెల్ల ఎగిరి మరలుటయే. గోలీకాయను తిరుగలి రాతికి కొట్టినచో గోలీ వేగము తగ్గునా? తిరుగలి కదలదు గనుక గోలీ దాదాపు వచ్చిన వేగముతోనే మరలును. ఆర్గాను పరమాణువు పాజిట్రానుకంటె 73 వేల రెట్లు బరువు. కావున ఒక్కొక్క తాకుడునకు పాజిట్రాను తన శక్తిలో సుమారు 36 వేలవ వంతు మాత్రమే పోగొట్టుకొనును. చల్లబడుటకు లక్షకు పైగా తాకుడులు కావలెను.

ఇది పటములో కనబడునా? కనబడినది. 1964 లో ఆర్గాను వాయువుతో పని చేసిన శాస్త్రజ్ఞులు ఆయుర్దాయపు గీత మొదట నేరుగ దిగక, మూడు నాలుగు వందల నానోసెకనులవరకు భుజము వలె వంగియుండి, తరువాత నేరుగ దిగుచున్నదని కనుగొనిరి. అనగా వేగముగ నున్నంతకాలము లయము తక్కువ. నెమ్మదించిన కొలది లయము హెచ్చు. పూర్తిగ చల్లబడిన పిమ్మట లయము స్థిరము. ఆ భుజమునకు స్వల్పముగ నత్రజనిని కలిపినచో అది కుంచించుకొని పోవును. ఏలయన నత్రజని రెండు పరమాణువులు జతగూడిన అణువు. గిరగిర తిరిగియు ఊగియు పాజిట్రాను శక్తిని త్వరగ లాగికొనగలదు. ఒక గీతలోని చిన్న వంపును చూచి పాజిట్రాను ఎన్నిమారులు దేనిని తాకినదో చెప్పగలుగుట నాకు మిక్కిలి ఇష్టమైన విషయము.

పాజిట్రానులన్నియు ఈ త్రోవనే పోవు. కొన్ని దారిలో ఒక పరమాణువునుండి ఎలక్ట్రానును లాగికొని, దానితో జతకట్టి, బీజము లేని యొక విచిత్ర పరమాణువుగా నగును. దీని పేరు పాజిట్రోనియము. 1951 లో మార్టిన్ డాయిష్ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో, వాయువులతో చేసిన ఆయుర్దాయ ప్రయోగములచేతనే దీని యునికిని స్థాపించెను. ఈ దంపతులు రెండు విధములు. ఒక విధము వారు నానోసెకనులో ఎనిమిదవ వంతులోనే లయమగుదురు. రెండవ విధము వారు శూన్యమున 142 నానోసెకనులు బ్రతుకుదురు. వారు గతించునప్పుడు రెండు గాక మూడు గామాకిరణములు పుట్టును.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వత్తును. మెల్లగ బోవు పాజిట్రాను స్వేచ్ఛగ నున్న ఎలక్ట్రానుల గుంపులో ఎంత త్వరగ లయమగునో డిరాక్ 1930 లోనే లెక్క కట్టి యుంచెను. కొలిచిన లయవేగమును ఆ లెక్కతో భాగించినచో, ఒక్కొక్క పరమాణువులో పాజిట్రానునకు ఎన్ని ఎలక్ట్రానులున్నట్లు తోచినదో తెలియును. దీనిని తోచుసంఖ్య యందము. పరమాణువులోని ఎలక్ట్రానుల నిజసంఖ్య మనకు తెలిసినదే. రెండును సమానమైనచో కథ ముగిసియుండెడిది.

హీలియమున ఎలక్ట్రానులు 2; తోచుసంఖ్య దాదాపు 4. నియానున నిజముగ నున్నవి 10, తోచినవి 6. ఆర్గానున 18 యుండగా 27. క్రిప్టానున 36 యుండగా సుమారు 65. జినానున 54 యుండగా 320. ఇంటిలో ఇద్దరుండగా నలుగురున్నట్లు సందడి వినవచ్చుటయు, పదిమందియున్న ఇంట ఆరుగురి సందడియే వినవచ్చుటయు ఎట్లు? పాజిట్రాను ధనవిద్యుత్తు కలది గనుక బీజము దానిని త్రోసివేయును; లోపలి ఎలక్ట్రానులను అది చేరజాలదు. అందువలన సంఖ్య తగ్గవలెను. కాని పాజిట్రాను దరికి రాగానే పరమాణువుయొక్క ఎలక్ట్రానుల మబ్బు దానివైపున కొరుగును. అందువలన సంఖ్య పెరుగవలెను. నియాను బిగువైన పరమాణువు, అంతగా ఒరుగదు. జినాను పెద్దది, మెత్తనిది, బాగుగ నొరుగును. పాజిట్రానును విడువలేక విడుచునట్లు కొంతసేపు తనయొద్ద నాపును.

ఇంతవరకు బాగున్నది. కాని 1963 లో పాల్, సెంట్ పియర్ అను నిరువురు కొన్ని హైడ్రోకార్బను వాయువులలో లయము నమ్మశక్యము గానంత వేగముగ జరుగుచున్నదని ప్రకటించిరి. మీ వంటయింటి గ్యాసు సిలిండరులో ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువు లుండును. బ్యూటేను అణువులో ఎలక్ట్రానులు 34. దాని తోచుసంఖ్య పదివేలకు పైబడినది. హెక్సేను అను దానిలో ఎలక్ట్రానులు 50. తోచుసంఖ్య లక్షకు పైబడినది. ఇది ఒరుగుటచేత కలుగు హెచ్చు కాదు. కొందరు ఆనాడే పాజిట్రాను అణువునకు అంటుకొనుచున్నదేమో యని శంకించిరి. శంక వేరు, నిరూపణ వేరు. నిరూపణకు దాదాపు నలువది సంవత్సరములు పట్టినది.

ఎందుకు పట్టినదన, సోడియమును వాయువులో నుంచి చేయు ప్రయోగమున పాజిట్రానులన్నియు కలగలుపు. ఏ వేగముగలది ఏమి చేసినదో విడదీయ వీలులేదు. ఒకే వేగము గల పాజిట్రానుల ధార కావలెను. సోడియమునుండి వెలువడువానిలో మెల్లగ నుండునవి అత్యల్పము. వానిని వేగముగ నున్నవానినుండి ఏరుట ధాన్యపు రాశిలో ఆవగింజను వెదకుట. అయితే కొన్ని లోహముల కొక సుగుణ మున్నది. పాజిట్రాను లోహములో చొచ్చి, క్షణములో చల్లబడి, అటునిటు తిరుగాడుచు, చావకముందే ఉపరితలమును చేరినచో, లోహము దానిని తనంతట తాను కొద్ది వోల్టుల శక్తితో బయటికి నెట్టివేయును. టంగ్‌స్టను రేకు అట్టిది. పదివేలలో ఒకటో కొన్నియో మాత్రమే యిట్లు బయటపడును. కాని బయటపడినవన్నియు దాదాపు ఒకే శక్తి కలవి. 1958 లోనే ప్రిన్స్‌టనులో చెర్రీ అను విద్యార్థి ఇట్టి మెల్లని పాజిట్రానులను చూచెను గాని అప్పటికి దాని విలువ పెక్కురు గ్రహింపలేదు. 1972 నాటికి లండనులోని యూనివర్సిటీ కాలేజీవారు మెగ్నీషియా పొడితో మరింత మంచి ధారను సాధించిరి. 1986 లో నియానును గడ్డకట్టునంత చల్లబరచి, ఆ నియాను పొరతో వేయింటికి కొన్నింటిని రాబట్టుట కనుగొనబడినది.

ధార చేతికి వచ్చిన పిమ్మట చెదరుటను కొలుచు పద్ధతి సులభముగనే తోచును. వాయువు నింపిన గొట్టము గుండ ధారను పంపి ఆవలికి ఎన్ని చేరినవో లెక్కింతురు. గొట్టమును ఖాళీచేసి మరల లెక్కింతురు. ఆ నిష్పత్తినుండి ఒక్కొక్క పరమాణువు పాజిట్రానునకు ఎంత వెడల్పు గల గురిగా తోచినదో తేలును. 1972 నుండి లండనులోను, అమెరికాలోను, పిమ్మట డెట్రాయిటులో కాపిలా, స్టైన్ అనువారును ఈ విధముగ ఎన్నో వాయువులను కొలిచిరి.

హీలియమునందు ఫలితము వినుడు. సుమారు 2 ఎలక్ట్రాను వోల్టుల వద్ద హీలియము పాజిట్రానునకు దాదాపు కానరానట్లే యగును. త్రోయు బలమును లాగు బలమును అచ్చట ఒండొంటిని చాలవరకు కొట్టివేసికొనుటయే కారణము. ఎలక్ట్రానునకు హీలియమున ఇట్టి పల్లము లేదు. దాని విషయమున రెండు బలములును లాగునవే. శక్తి 17.8 వోల్టులకు చేరగానే గురి వెడల్పు తటాలున పెరుగును. హీలియమునుండి ఎలక్ట్రానును పెరికివేయుటకు 24.6 వోల్టులు కావలెను. జతకట్టుటవలన పాజిట్రోనియమునకు 6.8 వోల్టులు కలిసివచ్చును, తీసివేసిన 17.8. అదియే పాజిట్రోనియము పుట్టుటకు తలుపు తెరచుకొను చోటు. శక్తి 200 వోల్టులు దాటిన పిమ్మట హీలియమునకు ఎలక్ట్రాను యేదో, పాజిట్రాను యేదో భేదము తెలియదు. రెండు గీతలును కలిసిపోవును. వేగముగ బోవువాడు మిత్రుడైన నేమి, శత్రువైన నేమి, పలుకరించుటకు వ్యవధి యుండదు.

ఇచ్చట నొక వివాదము చెప్పకుండ దాటలేను. ఆవలికి చేరిన పాజిట్రాను చెదరనిదే యని యెట్లు తెలియును? మిక్కిలి స్వల్పముగ, ముందువైపునకే ఒరిగిన పాజిట్రాను గూడ ఆవలి ద్వారమున దూరిపోవును. అట్టిది చెదరనివాని లెక్కలో పడును. గురి ఉన్నదానికంటె చిన్నదిగా తేలును. ద్వారము పెద్దదైనకొలది ఈ తప్పు పెరుగును. పెక్కు ప్రయోగశాలల అంకెలు తక్కువ శక్తులవద్ద ఒండొంటితో కలియకుండుటకు చాలవరకు ఇదియే కారణము. సంఖ్య ప్రక్కన దాని సందేహమెంతో వ్రాయనివాని కొలతను నేను కొలతగా నెన్నను. మంచి ప్రయోగశాలలవారు ఎంతకోణమువరకు తాము గుర్తింపలేరో తామే ప్రకటింతురు. అప్పుడు పోల్చువారు తమ సిద్ధాంతపు లెక్కలోనుండియు నంతకోణమును తీసివేసి పోల్చవచ్చును. ఇట్టి సిద్ధాంతపు లెక్కలు చేయుటలో కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అను సంస్థవారును పాలుగొనిరి.

మరియొక పెద్ద యడుగు సర్కో అను నాతనిది. ఆయనయు ఆయన సహచరులును 1980-90 నడుమ పాజిట్రానులను పట్టియుంచు బోనును నిర్మించిరి. అయస్కాంతమును విద్యుత్తును గోడలుగా గట్టి, లోపల నత్రజనిని పలుచగ నుంచిరి. నత్రజనియే యేల? పాజిట్రాను నత్రజని నొకసారి తాకి సుమారు తొమ్మిది వోల్టుల శక్తిని అణువునకు అప్పగించి, పాజిట్రోనియముగ మారకుండ తానే మిగులుటకు మంచి అవకాశమున్నది. ఇతర వాయువులలో ఈ సదుపాయము ఇంతగా లేదు. అప్పుడది బోనులో చిక్కి, గది వేడిమికి చల్లబడును. అట్టివానిని మెల్లగ పైకి పొంగించినచో, వోల్టులో నలువదవ వంతు తేడా మాత్రమే గల ధార లభించును.

ఆ ధారతోనే 2002 లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గిల్బర్ట్, బార్న్స్, సల్లివాన్, సర్కో అనువారు ఆ పాత ముడిని విప్పిరి. పాజిట్రాను శక్తిని కొద్దికొద్దిగ మార్చుచు, ఒక్కొక్క శక్తివద్ద లయ మెంతయో కొలిచిరి. లయము అన్ని శక్తులవద్ద హెచ్చుగా లేదు. ఒకచోట శిఖరము వలె లేచినది. హైడ్రోకార్బనులలో బొగ్గు పరమాణువునకును జలవాయు పరమాణువునకును నడుమనున్న బంధము వీణతీగ వలె కంపించును. ఆ కంపమునకు సుమారు 0.37 వోల్టుల శక్తి కావలెను. శిఖరము దానికి కొంచెము దిగువను లేచినది. హెక్సేను విషయమున సుమారు 0.08 వోల్టు దిగువ. దీని యర్థ మిది. వచ్చిన పాజిట్రాను తన శక్తినంతయు ఆ తీగకు కంపముగ నిచ్చివేసి, తాను అణువును అంటుకొనును. అంటుకొనుటవలన మిగిలిన శక్తియే ఆ 0.08. తీగ ఆ శక్తిని తిరిగి యిచ్చువరకు పాజిట్రాను అణువును విడువదు. ఆలోపల ఎలక్ట్రానుతో లయమగుటకు ఎన్నో రెట్లు అవకాశము దొరకును. అణువు పొడవైనకొలది అంటు గట్టిది, తోచుసంఖ్య పెద్దది. పరీక్షకొరకు జలవాయువునకు మారుగ దానికంటె రెట్టింపు బరువు గల డ్యుటీరియమును నిలిపి చూచిరి. బరువైన తీగ మందముగ కంపించును గదా. శిఖరమును అందుకు తగినట్లే క్రిందికి జరిగినది. అటుపిమ్మట శంకకు తావు లేకపోయినది.

ఈ మధ్య నొక పెద్దమనిషి నన్నొక ప్రశ్న యడిగిరి. వారికి హైదరాబాదులో పెట్ స్కాను చేయవలెనని వైద్యులు చెప్పిరట. ఆ పరీక్షలో పాజిట్రానులను ఒంటిలో ప్రవేశపెట్టుదురనియు, అవి ఒంటిలోని ఎలక్ట్రానులతో కలిసి రెండును మాయమగుననియు ఎవరో చెప్పగా విని, నా దేహములో కొంత శాశ్వతముగ పోవునా యని వారి భయము. ఈ భయము హాస్యాస్పదము కాదు. ప్రశ్న సరియైనదే, లెక్క చెప్పవలసినదే. ఆ పరీక్షలో చక్కెర వంటి పదార్థమునకు 18 బరువు గల ఫ్లోరీనును తగిలించి సూదిమందుగ నిత్తురు. అది 110 నిమిషములలో సగము విచ్చిపోవును. ఆకలిగొన్న వ్రణకణములు చక్కెరను హెచ్చుగ లాగికొనును. అచ్చటినుండి పాజిట్రానులు హెచ్చుగ వెలువడును. అవి దేహములో సుమారు మిల్లీమీటరు దూరము పోయి, మెల్లబడి, లయమగును. ఎదురెదురుగ వెడలిన రెండు కిరణములను చుట్టునున్న వలయము పట్టుకొని, ఆ రెంటినడుమ గీతగీసి, వ్రణము ఎచ్చటనున్నదో తేల్చును.

మామూలుగ నిచ్చు మందులో మొత్తము పుట్టు పాజిట్రానులు సుమారు మూడు లక్షల కోట్లు. అన్ని ఎలక్ట్రానులును పోవును, నిజమే. కాని అరువది కిలోల మనిషి దేహములోని ఎలక్ట్రానుల సంఖ్య వ్రాయవలెనన్న 2 వ్రాసి దాని ప్రక్కన 28 సున్నలు పెట్టవలెను. పోయిన యెలక్ట్రానుల బరువు గ్రామునకు కోటికోట్లవ వంతులోను అల్పభాగము. చెమటలో క్షణమునకు పోవు ఉప్పుతో పోల్చదగినదియు కాదు. జాగ్రత్తపడవలసినది ఎలక్ట్రానులు పోవుటనుగూర్చి కాదు, కిరణముల శక్తి దేహమునకు తగులుటను గూర్చి. అది కొలది మోతాదు. వ్రణము తెలియకుండుటవలన కలుగు కీడుతో దానిని తూచి వైద్యులు నిర్ణయింతురు. పరీక్ష యైన పిమ్మట కొన్ని గంటలు పసిబిడ్డలను ఒడిలో కూర్చుండబెట్టుకొనవలదనియు, గర్భిణులకు దూరముగ నుండవలెననియు చెప్పుదురు. ఆ మాట తప్పక పాటింపవలెను. ఆ పెద్దమనిషి పరీక్ష చేయించుకొనిరి.

దేహములో పాజిట్రాను ఏ దారిన పోయి, ఎన్నిమారులు తాకి, ఎచ్చట శక్తి దింపునో గణనయంత్రములతో ముందుగనే లెక్క వేయుటకు నీటి అణువునుగూర్చిన తాకుడు అంకెలు కావలెను. నీటిఆవిరితో చేసిన చెదరు ప్రయోగముల ఫలితములు అందు కుపయోగపడుచున్నవి. హీలియముతో మొదలైన పని ఆసుపత్రివరకు వచ్చిన దారి యిది.

మరియొక దారి ఆకాశమునకు పోయినది. 1977 లో ఆస్ట్రేలియాపై ఎగురవేసిన బెలూనులోని పరికరము మన పాలపుంత నడిబొడ్డునుండి వచ్చు 5 లక్షల 11 వేల వోల్టుల కిరణమును స్పష్టముగ గుర్తించెను. 2002 లో పంపిన ఇంటెగ్రల్ అను ఉపగ్రహము ఆ వెలుగునకు పటము గీసెను. అచ్చట ప్రతి సెకనునకును లయమగు పాజిట్రానుల సంఖ్య 1 ప్రక్కన 43 సున్నలు. రెండు కిరణముల లయమెంత, మూడు కిరణముల లయమెంత యని విడదీసి చూడగా, దాదాపు అన్నియు పాజిట్రోనియముగ మారిన పిమ్మటనే చచ్చుచున్నవని తేలినది. జలవాయువునందు పాజిట్రోనియము పుట్టు తలుపు 6.8 వోల్టులవద్ద తెరచుకొనునని ఇచ్చటి ప్రయోగశాలలలో కొలిచియుండుటచేతనే, అచ్చటి వాయువు ఎంత వేడిగ నున్నదో, ఎంత పలుచగ నున్నదో ఆ కిరణపు ఆకారమునుండి చెప్పగలిగిరి. అవి ఎట్లు చచ్చుచున్నవో తెలిసినది గాని, అన్నియు ఎచ్చట పుట్టుచున్నవో యింకను శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. నక్షత్రములలో తయారగు 26 బరువు గల అల్యూమినియము విచ్చుటవలన కొంతభాగము పుట్టుచున్నదని మాత్రము రూఢి యైనది. మిగిలినది ప్రేలిపోవు నక్షత్రములదియా, మరియొకదానిదియా అని విచారణ జరుగుచున్నది.